ఫ్రీజర్ డబ్బా మీద పేరు

మా తాత చద్దికూర ముట్టేవాడు కాదు. పొద్దున వండింది సాయంత్రం విస్తరిలో కనిపిస్తే ఆకు మడిచి లేచేవాడట. ఆయన వంటింట్లో ముగ్గురు వంటవాళ్లు, ఆయన పేరు చెక్కిన ఇత్తడి గుండిగలు పద్దెనిమిది, ఆయన ముందు కూర్చునే ధైర్యం లేని జనం బోలెడంత మంది ఉండేవారు. దమ్మపేట చుట్టుపక్కల ఆయన్ను దొర అనేవాళ్లు. నేను ఆయన పెద్ద మనవణ్ణి. ముప్పై ఒక్క ఏళ్లు ఖమ్మంలో ఒక సామాన్ల కొట్టులో పనిచేశాను. మొదట్లో స్టీలు గిన్నెలు అమ్మాం. ఆఖరి పది పన్నెండేళ్లు ఎక్కువగా ఫ్రీజర్ డబ్బాలే. అంటే ఆదివారం వండిన కూరను మళ్లీ శనివారం దాకా ఎలా దాచుకుని తినాలో జిల్లాకంతా నేర్పాను. తాత పైనుంచి చూస్తూ ఉంటే ఎన్ని ఆకులు మడిచాడో తెలియదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. పని మానేసి రెండేళ్లయింది, ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

నిలబడటం గురించి

మా కొట్టులో సేల్స్‌మన్ కోసం ఒక స్టూలు ఉండేది. నేను ఒక్కరోజు కూడా దాని మీద కూర్చోలేదు. పని మీద భక్తి అని మా యజమాని కోటయ్య గారు అందరికీ చెప్పుకునేవారు. అసలు కారణం వేరు. కూర్చుంటే కొనేవాళ్లు వచ్చినప్పుడల్లా లేవాలి. మా ఇంట్లో ఎవరూ ఎవరి కోసమూ లేచిన అలవాటు లేదు. ముందే నిలబడి ఉంటే ఆ బాధ ఉండదు. ముప్పై ఒక్క ఏళ్లు అలా ఎవరి కోసమూ లేవకుండా గడిపి, ఇప్పుడు రెండు మోకాళ్లకూ నూనె రాసుకుంటున్నాను. మీరు కూర్చోండి.

అమ్మేది మూత

ఫ్రీజర్ డబ్బా అమ్మేవాడికి పోటీ పక్క కొట్టువాడు అనుకుంటాం. కాదు. పోటీ బిర్యానీ పార్సెల్ డబ్బా. అది ఊరికే వస్తుంది. ఏ ఇంటి ఫ్రీజర్ తెరిచినా నాలుగు పార్సెల్ డబ్బాలు, ఒక ఐస్‌క్రీమ్ డబ్బా ఉంటాయి. ఐస్‌క్రీమ్ డబ్బాలో గోంగూర ఉంటుంది. వాటిని తిట్టి మన సరుకు అమ్మకండి. కొనడానికి వచ్చిన ఇల్లాలికి మీకంటే ఎక్కువ తెలుసు. రెండుసార్లు గడ్డకట్టిస్తే పార్సెల్ డబ్బా పెళుసెక్కుతుందనీ, దాన్ని వేడి చేయడానికి వాడొద్దనీ మాత్రం చెప్పండి. తక్కినది ఆమే ఆలోచించుకుంటుంది.

గాజు డబ్బా మంచిదే, కానీ దాని ధర విని చాలామంది మళ్లీ పార్సెల్ డబ్బా వైపు చూస్తారు. మధ్యతరగతి ఇంటికి మందపాటి ప్లాస్టిక్ డబ్బా, నాలుగు పక్కలా కొక్కెం ఉన్న మూత, అంతే చాలు. ఒకదానిలో ఒకటి ఇమిడే ఇరవై నాలుగు సైజుల సెట్టు మాత్రం అమ్మకండి. చూడ్డానికి బాగుంటుంది, ఇంట్లో గొడవలు పెడుతుంది. అన్నీ ఒకే సైజువి ఇవ్వండి. ఏ మూత ఏ డబ్బాకైనా పట్టే ఇంట్లో ఉన్నంత శాంతి నేను గుళ్లో కూడా చూడలేదు.

మనిషికి ఒక పూటకు సరిపోయేది ఒక డబ్బాలో పెట్టమనండి. వేడి తగ్గాక మూత పెట్టాలి. గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి పైన వేలెడు ఖాళీ వదలాలి. పప్పు, పులుసు, టమాటా కూర బాగా ఉంటాయి. ఆలుగడ్డ పిండిపిండి అవుతుంది. పెరుగన్నం పెట్టినవాళ్లు నన్ను తిట్టారు, నేను పెట్టమని చెప్పకపోయినా. వేడి చేసేటప్పుడు మూత ఊడదీయాలి. ఓవెన్ లేనివాళ్లు డబ్బాను కాసేపు నీళ్లలో ఉంచితే గడ్డ జారిపోతుంది, గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టుకోవచ్చు. నాకు తెలిసిన విద్య ఇంతే. ఇది చెప్పడానికి పది నిమిషాలు చాలు. మిగతా ముప్పై ఒక్క ఏళ్లు ఏం చేశానంటే, తప్పులు చేశాను.

కోటయ్య గారి డెమో

కోటయ్య గారు కోస్తా నుంచి వచ్చి ఖమ్మంలో స్థిరపడ్డ మనిషి. మంచివారు, కానీ డబ్బా చేతికి దొరికితే నేలకేసి కొట్టేవారు. పగలదని చూపించడానికి. ఒకసారి యార్డుకు మిర్చి తెచ్చిన రైతు భార్య వచ్చి, కాసేపు చూసి, ఇంకోసారి కొట్టమంది. ఆయనకు ఉత్సాహం వచ్చింది. ఆ దెబ్బకు డబ్బా ఎగిరి స్టీలు గ్లాసుల వరుసకు తగిలింది. వంద గ్లాసులు కిందపడ్డాయి. డబ్బాకు గీత కూడా పడలేదు. ఆమె వంగి ఒక గ్లాసు తీసి, సొట్ట పడలేదని చూసుకుని, ఒక డజను గ్లాసులు కొనుక్కుని వెళ్లిపోయింది.

నవ్వుకున్నాం. నవ్వుకోవలసింది ఇంకొకటి ఉంది, అది నాకు తర్వాత తెలిసింది. డబ్బాను ఎవరూ నేలకేసి కొట్టడానికి కొనరు. ఫ్రీజర్‌లో పెట్టడానికి కొంటారు. మా కొట్టులో ఫ్రీజర్ లేదు. ఉండాలన్న సంగతి కోటయ్య గారికి తట్టలేదు, నాకూ తట్టలేదు.

పేరు

మా వైపు పేరు లేని గిన్నె దిక్కులేనిది. కొన్నరోజే కొట్టులో పేరు చెక్కించుకుంటారు. గిన్నెలు ఊరంతా తిరుగుతాయి కదా. కూర వేసి పక్కింటికి పంపుతాం, వాళ్లు ఖాళీగా ఇవ్వకూడదని ఏదో ఒకటి వేసి తిప్పి పంపుతారు. పేరుంటేనే ఇల్లు చేరుతుంది.

మా తాత గుండిగల మీదా పేరు ఉండేది. ఆయన పోయాక పొలాలు పోయాయి, తర్వాత గుండిగలూ పోయాయి. అవన్నీ ఒక టెంట్‌హౌస్‌కు చేరాయి. పెళ్లిళ్లకు కిరాయికి తిరుగుతాయి. ఏ పెళ్లికి పోయి వరుసలో నిలబడ్డా, పులిహోర గుండిగ అంచున ఆయన పేరు ఉంటుంది. నేను పిలుపు అందుకుని పోయే ప్రతి పెళ్లికీ మా తాత ముందే వచ్చి ఉంటాడు.

ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాక ఆడవాళ్లకు ఒకటే అసంతృప్తి. దీని మీద పేరు ఎలా? గోళ్లరంగుతో రాస్తే నాలుగు కడుగుళ్లకు పోతుంది. స్టీలు మీద చెక్కే మిషను దీనికి పనికిరాదు. అప్పుడు నాకు ఆలోచన వచ్చింది. రేడియోలు బాగుచేసేవాడు వాడే టంకం కడ్డీ ఒకటి కొన్నాను. వేడెక్కిన మొనతో డబ్బా అడుగున రాస్తే అక్షరం వెన్నలో దిగినట్టు దిగింది. నా చేతిరాత బాగుంటుంది. చిన్నప్పుడు ఇంటికి పంతులు వచ్చి దిద్దించాడు. ఆ ఇంటి ఆస్తిలో నా దాకా వచ్చింది అదొక్కటే.

పేరు చెక్కే డబ్బాలని ఊరంతా తెలిసిపోయింది. ఊరి అంచున ఉన్న ఖానాపురం హవేలి నుంచి కూడా షేర్ ఆటోల్లో వచ్చి వరుస కట్టారు. కోటయ్య గారు డబ్బాలు నేలకేసి కొట్టడం మానేసి నా పక్కన నిలబడి, "మా వాడిది రాజుల రాతండీ" అని చెప్పడం మొదలుపెట్టారు. నా జీవితంలో నేను బాగా సంతోషంగా ఉన్న రోజులు అవి. అందుకే వాటి గురించి ఇంత వివరంగా చెబుతున్నాను.

కవిత పద్నాలుగు డబ్బాలు

కవిత ఖానాపురం హవేలిలో ఉంటుంది. ఖమ్మంలో ఒక దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. ఆమె భర్తది అటవీ శాఖ ఉద్యోగం, భద్రాచలం దాటాక అడవి అంచున క్వార్టర్స్. అతనికి కిడ్నీలు బాగాలేవు. ఉప్పు బాగా తగ్గించాలన్నారు, హోటలు తిండి వద్దన్నారు. అత్త అనసూయమ్మ మాట ఒకటే: నౌకరీ వదిలి మొగుడి దగ్గరికి పోయి వండిపెట్టు. కవిత ఒక దారి చెప్పింది. ఆదివారం పద్నాలుగు పూటలకు వండి, గడ్డకట్టించి, థర్మాకోల్ పెట్టెలో సర్ది, తెలిసిన కండక్టరు చేతికి ఇస్తుంది. భర్త భద్రాచలం బస్టాండులో అందుకుని తన ఫ్రిజ్‌లో పెట్టుకుంటాడు. ఖాళీ డబ్బాలు అదే బస్సులో తిరిగొస్తాయి. ఆరు నెలలు చూద్దామని అత్తాకోడళ్లు ఒప్పందానికి వచ్చారు. అతని ఆరోగ్యం చెడితే ఆమె ఉద్యోగం మానాలి.

ఇదంతా డబ్బాలు కొనేటప్పుడు తనే చెప్పింది. ఏ పేరు చెక్కమంటారని అడిగితే మామగారి పేరు చెబుతుందనుకున్నాను. అందరూ అదే చెబుతారు. ఆమె, "నా పేరే రాయుండ్రి సార్, నా జీతంతోటి కొన్నయి," అంది. పద్నాలుగు డబ్బాల అడుగునా శ్రద్ధగా 'కవిత' అని రాశాను. తలకట్టు దగ్గర కొంచెం లోతుగా, అందం కోసం.

మూడో నెలలో ఆమె ఒక సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో ఐదు పగిలిన డబ్బాలున్నాయి. రెండు వారాలుగా దారిలో పప్పు కారి ఒకదానిలో ఒకటి కలిసిపోయిందట. పెట్టె తెరిచేసరికి వాసన. ఆ రెండు వారాలూ అతను మెస్‌లో తిన్నాడు. కాళ్లు వాచి భద్రాచలం దవాఖానాలో మూడు రోజులు ఉన్నాడు. వచ్చే సోమవారం రాజీనామా ఇవ్వమని అత్త చెప్పేసింది. కోడలికి మూత పెట్టడం కూడా చేతకాదని వీధిలో అందరికీ చెప్పింది.

నేను ఏమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

"నింపుగా పోసి ఉంటారమ్మా. వేలెడు ఖాళీ వదలమని చెప్పాను కదా."

"వదిలిన సార్. మీరు చెప్పినట్టే వదిలిన. జర తిప్పి చూడుండ్రి."

తిప్పి చూశాను. పగులు ఎక్కడపడితే అక్కడ లేదు. 'క' దగ్గర మొదలై, నా గీత వెంటే వంపులు తిరిగి, 'త' దగ్గర అడుగును రెండుగా చీల్చింది. ఐదింటికీ అంతే. నేను అందం కోసం లోతుగా దింపిన చోటే మొదలు. ఆ డబ్బాలు నా దస్తూరీని నాకంటే బాగా చదివాయి.

పరిశీలించి చెబుతానన్నాను. ఆమె తల ఊపి, సంచి తీసుకుని వెళ్లిపోయింది. కోటయ్య గారు చెప్పిన సలహా ఇది: "మనం చెక్కినట్టు బిల్లులో ఎక్కడా లేదు కదండీ. ఊరుకోండి." బిల్లులో లేదు నిజమే. డబ్బా మీద ఉంది.

ఐదు రోజులు

ఆ సాయంత్రం రెండు కొత్త డబ్బాలు ఇంటికి తీసుకెళ్లాను. ఒకదాని మీద చెక్కాను, ఒకటి వదిలేశాను. రెండింటిలోనూ వేలెడు తక్కువగా నీళ్లు పోసి మా ఫ్రీజర్‌లో పెట్టాను. పొద్దున తీసి కరగనిచ్చి, సాయంత్రం మళ్లీ పెట్టాను. పాల ప్యాకెట్లకు చోటు లేదని నా భార్య గొడవ చేసింది. ముప్పై ఏళ్లు అమ్మినవాడివి, ఇప్పుడా చూసేది, అని కూడా అడిగింది. ఐదో రోజు చెక్కిన డబ్బాను గట్టు మీద మామూలుగా పెడితే టప్‌మంది. చెక్కని డబ్బాకు ఏమీ కాలేదు.

నిజం చెప్పాలంటే ఆ ఐదు రోజులూ పరీక్ష కోసం కాదు. మొదటి రోజు పగులు చూసినప్పుడే నాకు తెలిసింది. ఇంకేదైనా కారణం దొరుకుతుందేమోనని వేచి ఉన్నాను. ఆ ఐదు రోజులూ ఒక ఆడమనిషి చేయని తప్పుకు మాటలు పడుతూ ఉంది. మీరు ఈ పనిలో ఎన్ని తప్పులైనా చేయండి, ఈ ఐదు రోజులు మాత్రం తీసుకోకండి.

ఆదివారం కొట్టు నుంచి పద్నాలుగు చెక్కని డబ్బాలు తీసుకున్నాను. ఇక ఎవరికీ చెక్కేది లేదని టంకం కడ్డీ కూడా ఇంటికి తీసుకుపోవడానికి సంచిలో వేసుకున్నాను. ఇస్త్రీ చొక్కా నలగకుండా షేర్ ఆటోలో నిటారుగా కూర్చుని ఖానాపురం హవేలి వెళ్లాను. సరుకు అమ్మిన ఇంటికి వెళ్లడం నాకు అదే మొదటిసారి.

అనసూయమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను కూర్చోమనలేదు. నాకు అలవాటే.

"ఏంది సారూ, డబ్బలోళ్లు ఇండ్లకు గూడ వస్తుండ్రా?"

"అమ్మా, మీ కోడలి తప్పు లేదు. డబ్బాల మీద పేర్లు చెక్కింది నేను. ఆ గీతల వెంటే పగిలాయి. ఇంట్లో పెట్టి చూశాను."

ఆమె గింజ తీయడం ఆపలేదు. కవిత గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏ ఊరు, ఎవరివాళ్లు అని అనసూయమ్మ అడిగింది. అలవాటు కొద్దీ ఊరుతోపాటు తాత పేరు కూడా చెప్పాను. ఆ పేరు చెప్పినప్పుడు పెద్దవాళ్లు కొంచెం సర్దుకుని కూర్చుంటారు. ఆమె మొహం విప్పారింది.

"ఆ పేరు నేనిన్నదే. మాదీ దమ్మపేట దిక్కే. మా పిలగాని పెండ్లిల పప్పు ఆ గుండిగలనే వండిండ్రు. టెంట్‌హౌసోళ్లు మీరేనా?"

కాదని చెప్పడానికి నోరు తెరిచి, మూసేశాను. అవునని చెప్పలేదు, అది నా పరువు.

అప్పుడు ఆమె పగిలిన డబ్బా ఒకటి తెప్పించి నా ముందు పెట్టింది.

"దీని మీద దాని పేరు రాసినవ్. వాడకట్టంత దాని పేరు నేను ఖరాబు జేసిన. ఇప్పుడొచ్చి తప్పు నాదంటున్నవ్. అట్లయితే తప్పు మీద నీ పేరు గూడ రాయి."

సంచిలో కడ్డీ ఉంది. మిక్సీ పక్కన ప్లగ్గు ఉందని ఆమే చూపించింది. కడ్డీ వేడెక్కే దాకా ఆమె ఇంకో పిడికెడు చింతపండు గింజ తీసింది. కవిత పేరు కింద, పగులుకు తగలకుండా, ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు చెక్కాను. అనసూయమ్మకు చదువు రాదు. కోడలిని పైకి చదవమంది. కవిత చదివింది. నవ్వు ఆపుకోవడానికి రెండుసార్లు ఆగింది.

"అవ్. ఇంగ ఆ పద్నాలుగు కడుగు," అంది అనసూయమ్మ కోడలితో. "పప్పు సల్లారింది. పొద్దుగాల బస్సు యాళ్లకు గడ్డ గట్టాలె. ఆర్నెల్లు మళ్ల మొదటికెల్లి లెక్క."

గుర్తు కోసం పాత చీర పీలికలు చించి ఇచ్చింది. కూరలకు ఎర్రది, పప్పుకు పచ్చది. డబ్బాకు చుట్టి కడితే గుర్తుకు గుర్తు, బస్సు కుదుపుకు మూతా ఊడదు. నేను ముప్పై ఏళ్లలో ఇంత మంచి పనిముట్టు అమ్మలేదు.

తర్వాత

గుర్తున్న ప్రతి ఇంటికీ కబురు చేశాను. చెక్కిన డబ్బాలు తెస్తే మార్చి ఇస్తామన్నాను. కోటయ్య గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. అయితే సగం మంది తేలేదు. పేరున్న డబ్బా ఎట్లిస్తామని అడిగారు. ఫ్రీజర్‌లో పెట్టం, అరలో పప్పులు పోసుకుంటామన్నారు. చివరికి కోటయ్య గారే 'ఫ్రీజర్ డబ్బాలకు పేర్లు చెక్కబడవు' అని బోర్డు పెట్టించి, ఆ ఆలోచన తనదేనని అందరికీ చెప్పుకున్నారు. చెప్పుకోనిచ్చాను. కొట్టు వెనక పాత ఫ్రిజ్ ఒకటి పెట్టించమన్నాను, పెట్టించారు. ఆ తర్వాత ఏ కొత్త డబ్బా వచ్చినా ముందు పది రోజులు అందులో ఉండి బయటికి వచ్చేది. కొత్తగా చేరేవాళ్లు మీ యజమానిని మొదటి రోజే అడగవలసింది అదే. జీతం రెండో రోజు అడగండి.

ఆరు నెలలు దాటాక అనసూయమ్మ ఒక్కతే కొట్టుకు వచ్చింది. ఎవరూ కూర్చోని ఆ స్టూలు లాక్కుని కూర్చుంది. కొడుకు కాళ్ల వాపు మళ్లీ రాలేదంది. కోడలు నౌకరీ మానేది లేదని కూడా చెప్పింది, ఆ సంగతి తనే నిర్ణయించినట్టు.

"ఇంకో నాలుగు ఇయ్యి. పేరు వద్దు."

నాలుగూ సంచిలో వేసి ఇచ్చాక, ఆమె కొంగు కింది నుంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. నేను పేరు చెక్కిన పగిలిన డబ్బా. లోపల గింజ తీసిన చింతపండు, మూత దాకా.

"నీ పేరున్న డబ్బ నా ఇంట్ల ఎందుకు? ఖాళీది ఇయ్యొద్దని తెచ్చిన."

ఇప్పుడు అది మా వంటింట్లో రెండో అరలో ఉంది. పద్దెనిమిది గుండిగలూ ఎవరి పెళ్లిలో ఉన్నాయో తెలియదు. ఇంటిపేరు చెక్కిన గిన్నె మా ఇంట్లో ఇప్పుడు ఇదొక్కటే. పైన కవిత పేరు, కింద మాది, మధ్యలో పగులు. చింతపండుకు ఫరవాలేదు.